ఊడని అతుకు

"నేనే చంపాను" అన్నాడు అంకమ్మరావు.

బందరు పోలీస్ స్టేషన్‌లో వెనక గది. బల్లకి అటువైపు అతను, ఇటువైపు ఇందిరాదేవి. సీఐ జేమ్స్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రాత్రి నుంచి వింటున్న మాటే కాబట్టి అతని మొహంలో మార్పేమీ లేదు.

"ఎవరిని?" అంది ఇందిరాదేవి.

అంకమ్మరావు తలెత్తాడు. ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"రత్నాన్నండి. నా భార్యని."

"ఎలా చంపారు?"

"షెడ్డుకి వెల్డింగు చేసింది నేను. అతుకు ఊడింది. పైపు దాని మీద పడింది. ఇంకేం చెప్పమంటారు?"

"మీరు చూసింది చెప్పండి. మీకు అనిపించింది కాదు."

అతను మళ్ళీ తల దించుకున్నాడు.

దివిసీమ చివర మూలదిబ్బ రేవులో చేపల వేలం షెడ్డు మొన్న మధ్యాహ్నం ఈదురుగాలికి కూలింది. ఉక్కు పైపులతో అల్లిన ట్రస్సుల మీద నిలిచే రేకుల కప్పు. కింద రొయ్యలు ఏరుతున్న ఆడవాళ్ళందరూ బయటపడ్డారు, రత్నం తప్ప. షెడ్డు కట్టించిన కాంట్రాక్టరు గుడివాడ వెంకటాద్రి. తప్పంతా వెల్డింగుదేనని అతను పెట్టుకున్న నిపుణుడు ఒక్క పూటలో తేల్చాడు. నిన్న రాత్రి అంకమ్మరావుని అరెస్టు చేసి, ఊళ్ళో గొడవవుతుందని బందరు తీసుకొచ్చారు. ఈ సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అక్కడా ఇదే చెబుతానని, లాయరు అక్కర్లేదని అతను భీష్మించుకు కూర్చున్నాడు.

ఇందిరాదేవికి ఫోన్ చేసింది అతని కూతురు దుర్గ. గుడివాడలో బట్టలు కుట్టే షాపులో పనిచేస్తుంది. "అమ్మ పోయింది. నాన్న కూడా పోతానంటున్నాడు. నేను పోనివ్వనండి" అంది. ఏడవలేదు. ఆ చివరి మాట కోసమే ఇందిరాదేవి ఈ కేసు ఒప్పుకుంది. ఇన్సూరెన్స్ సర్వేయరుగా ఆమె చాలాకాలం కూలినవాటి మధ్య, కాలినవాటి మధ్య తిరిగింది. ఆ ఉద్యోగం వదిలాక డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుంది. పని మారలేదు, జీతం ఇచ్చేవాళ్ళు మారారు.

బల్ల మీద, సీలు వేసిన ప్లాస్టిక్ సంచిలో, ఒక ఉక్కు ముక్క ఉంది. లావుపాటి పైపు తునక మీద ఏటవాలుగా సన్నపైపు తునక అతికి ఉంది. అతుకు చుట్టూ సూది బెజ్జాల్లాంటి రంధ్రాలు. ఎవరు చూసినా చెత్త పని అంటారు.

"ఇది మీ పనేనా?"

"నాదేనంటున్నారు."

"మీరేమంటున్నారు?"

"రెండేళ్ళు ఉప్పుగాలి తిన్న అతుకండి. నాదా కాదా అని దాన్నేం అడగను? ఒకసారి చూశాను. మళ్ళీ చూడలేను."

ఇందిరాదేవి మాత్రం చూసింది. సంచిని వెలుతురుకి తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, చాలాసేపు చూసింది. బెజ్జాల్లో తుప్పు లోతుగా, ముదురుగా ఉంది. లావు పైపు అంచున గోరంత మేర గులాబీ రంగు పెయింటు.

తలుపు తోసుకుని అభినవ్ లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నడుముకి కొలతల సంచి. ఒకప్పుడు ఇందిరాదేవి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు. ఇప్పుడు గుడివాడలో అతనికి పెద్ద ఆఫీసుంది. వెంకటాద్రి పెట్టుకున్న నిపుణుడు అతనే.

"మేడమ్! మీరూ వచ్చారా? సీఐ గారూ, మా గురువుగారండి. ఒక టీ చెప్పండి."

"టీ తాగాను. నువ్వు కూర్చో."

"కూర్చునే టైమెక్కడిది మేడమ్? కేసు తేలిపోయింది. ఆయనే ఒప్పుకున్నారు."

"ఆయన భార్య పోయింది అభినవ్. ఈ వారం ఆయన ఏది అడిగినా ఒప్పుకుంటాడు. ఈ ముక్క ఎక్కడిది?"

"షెడ్డుది."

"షెడ్డులో ఎక్కడిది?"

"మూడో ట్రస్సు, కింది పైపు మీద అతుకు. సరిగ్గా ఆవిడ మీద పడిన చోటు. వేలం అరుగెక్కితే చేతికి అందే ఎత్తు. దగ్గరుండి కోయించాను."

"సీఐ గారూ, విన్నారుగా?"

"విన్నానండి" అన్నాడు జేమ్స్.

"గుర్తుంచుకోండి."

అభినవ్ నవ్వాడు. "మీరు మారలేదు మేడమ్. ఎప్పుడూ కూలినవే చూస్తారు. నేను నిలబడ్డవాటికి సర్టిఫికెట్టిస్తాను."

"నా భయం అదే."

జేమ్స్ దగ్గాడు. నవ్వు ఆపుకున్నాడో ఏమో తెలియదు.

"ఇంకోటి మేడమ్" అన్నాడు అభినవ్ గుమ్మంలో ఆగి. "తుఫాను దగ్గరికొస్తోంది. పడున్న రేకులు ఎగిరి ఎవరికైనా తగిలితే మళ్ళీ కేసు. అందుకని మొత్తం స్క్రాపు ఎత్తించేస్తున్నాం. సీఐ గారు సరేనన్నారు. లారీ గుడివాడలో బయల్దేరింది కూడా."

ఇందిరాదేవి జేమ్స్ వైపు చూసింది.

"ఆయన ఒప్పుకున్నాక ఇంకా దాచేదేముందనుకున్నానండి" అన్నాడు జేమ్స్. గొంతు కొంచెం తగ్గింది.

"మీ నంబరు ఖాళీగా ఉంచండి" అని ఆమె కారు తాళాలు తీసుకుంది.

*

ఆమె మోపిదేవి దాటుతుండగా బందరు రేవులో ప్రమాద హెచ్చరిక పెంచారని ఫోన్లో వచ్చింది. మూలదిబ్బ చేరేసరికి గాలికి కారు తలుపు తెరవడం కష్టమైంది. లారీ ఇంకా రాలేదు.

దుర్గ రేవు దగ్గర నిలబడి ఉంది. కొంగు నడుముకి బిగించింది. వెనక పదిమంది దాకా ఆడవాళ్ళు.

"ఊళ్ళో ఇంకెవరూ లేరా?"

"తుఫానని ముసలాళ్ళనీ పిల్లల్నీ పొద్దున్నే బస్సు మొదటి ట్రిప్పులో లంకపేట హాలుకి పంపేశారండి. మా అమ్మమ్మ కూడా వెళ్ళింది. మా కోసం రెండో ట్రిప్పు రావాలి. నాన్న ఎలా ఉన్నాడు?"

"చెప్పిందే చెబుతున్నాడు."

"మొండి మనిషి."

"నువ్వో?"

దుర్గ షెడ్డు వైపు దారి తీసింది.

కప్పు మూడు వంతులు నేల మీద ఉంది. ఇందిరాదేవి ఒక చివర నుంచి మొదలుపెట్టి, ఒక్కో అతుకూ తడుముతూ నడిచింది. పొడవునా పడుకున్న లావు పైపు, దాని మీద ఏటవాలుగా నిలిచే సన్నపైపులు. కప్పు బరువూ గాలి తోపూ అన్నీ సన్నపైపులు మోసుకొచ్చి లావు పైపు ఒంటి మీద పెడతాయి. ఆ పైపు లోపల బోలు. పట్టుకోవడానికి గోడ ఒక్కటే ఉంటుంది.

నాలుగో అతుకు దగ్గర ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని వేళ్ళు చూసుకుంది. నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. వాసన చూసింది.

"దుర్గా, ఇదేంటి?"

"సొరచేప నూనండి. పడవకి పట్టిస్తాంగా, ఉప్పు తినకుండా. షెడ్డు కట్టిన వారంలోనే అమ్మ అంది, రేవులో ఇదీ పడవలాంటిదే, ఇనుముకి మాత్రం ఉప్పు పట్టదా అని. ఆడవాళ్ళమంతా అరుగెక్కి పూశాం. చెయ్యి అందిన ప్రతి అతుక్కీ. కాంట్రాక్టరు మనుషులు ఒకటే నవ్వు, షెడ్డుని సముద్రంలోకి తోస్తారా అని. పడవలకి పూసినప్పుడల్లా దీనికీ పూస్తూనే ఉన్నాం."

"కింది పైపు అతుకులన్నిటికీ పూశారా?"

"అన్నిటికీ. అమ్మ ఒక్కటి కూడా వదలనిచ్చేది కాదు."

ఇందిరాదేవి వేళ్ళు రుమాలుకి తుడుచుకుంది. తర్వాత కింది అతుకులన్నీ ఒకటొకటిగా చూసింది. ఎక్కడా తుప్పు లేదు. కాటుకలాగా నల్లగా, నున్నగా ఉన్నాయి. పొద్దున స్టేషన్‌లో చూసిన ముక్క బెజ్జాల నిండా ముదురు తుప్పు. జిడ్డు మచ్చుకైనా లేదు. ఇక ఈ షెడ్డుకి ఎక్కడా గులాబీ రంగు లేదు. మొదట వేసిన బూడిద రంగు తప్ప వేరే పెయింటే లేదు.

"మీ అమ్మ ఎక్కడ..." అని ఆగింది ఇందిరాదేవి.

"ఇక్కడండి" అంది దుర్గ, మాట పూర్తికాకుండానే. మూడో ట్రస్సు పక్కన నేల మీద ఎవరో పసుపు చల్లారు. వాన చినుకులకి అది సగం కరిగింది.

ఇద్దరూ కలిసి అక్కడి రేకు ఎత్తారు. కింద లావు పైపు ఉంది. ఎక్కడా కోసిన గుర్తు లేదు. దాని ఒంటి మీద ఒక కన్నం మాత్రం ఉంది, అంచులు పైకి లేచి, చిరిగినట్టుగా. పక్కనే ఏటవాలు పైపు. దాని చివర అతుకు చెక్కుచెదరకుండా నిండుగా ఉంది. ఆ అతుకుకి చుట్టూ ఉంగరంలాగా లావు పైపు గోడ ముక్క అంటుకుని ఊడి వచ్చింది. దాని మీదా నల్లటి నూనే.

దుర్గ వంగి ఆ అతుకుని వేలితో చుట్టూ తడిమింది.

"గుండీ కుడతాం కదండీ. బట్ట పల్చగా ఉంటే లాగినప్పుడు గుండీ ఊడదు. కింద గుడ్డ ముక్కతో సహా వస్తుంది" అంది. "దారం తెగలేదండి. గుడ్డ చిరిగింది."

"మీ నాన్న దారం" అంది ఇందిరాదేవి. "గుడ్డ వెంకటాద్రిది."

సంచిలోంచి కొలత సాధనం తీసి చిరిగిన అంచుకి పెట్టింది. రెండు మిల్లీమీటర్లు దాటి ఒక వెంట్రుక. ఉండాల్సింది ఐదు.

అప్పుడే లారీ హారన్ వినపడింది.

*

లారీలోంచి గ్యాస్ కట్టర్లతో నలుగురు దిగారు. వెనక కారులోంచి అభినవ్.

"అంతా ఎత్తండి. మూడో ట్రస్సుతో మొదలుపెట్టండి" అన్నాడు.

"మూడోదే ఎందుకు?" అంది ఇందిరాదేవి.

"ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా మేడమ్."

దుర్గ నడిచి వెళ్ళి ఆ పైపు మీద కూర్చుంది. కట్టరు పట్టుకున్న మనిషి ఆగాడు.

"లేవమ్మా."

"లేవను."

"తుఫానొస్తోందమ్మా, మా పని మమ్మల్ని చేసుకోనీ."

"తుఫాను మాకు కొత్తా? నువ్వు గుడివాడ వాడివి, నువ్వు పరిగెత్తు."

వెనక ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. ఎవరూ అరవలేదు. చీరలు గాలికి కొట్టుకుంటున్నాయి. పైపు పొడవునా ఇక చోటు లేదు.

అభినవ్ ఇందిరాదేవి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మీరు ఏం చూశారో నాకు తెలుసు మేడమ్. పైపు గోడ చిరిగింది, అంతేగా? వెల్డరు వేడి ఎక్కువ పెట్టాడు. గోడ మెత్తబడింది. అప్పుడూ తప్పు వెల్డింగుదే."

"వేడికి ఉక్కు మెత్తబడుతుంది. సగం మాయమవదు. కొలిచి చూడు."

"కొలిచే సర్టిఫికెట్టిచ్చాను." అతను పైపు చివరికి వెళ్ళి మూతి దగ్గర కొలత పెట్టాడు. అందరికీ వినపడేలా చదివాడు. "ఐదు! చూసుకోండి."

"నీకు కొలవడం నేర్పింది నేనే. ఎక్కడ కొలవాలో కూడా నేర్పి ఉండాల్సింది." ఆమె ఫోన్ టార్చి వేసి పైపు మూతిలోకి పట్టింది. "ఇలా రా. వంగు. జానెడు లోపల చుట్టూ గీత కనపడుతోందా? అక్కడిదాకా మందం పైపు. అక్కణ్ణుంచి పల్చటిది. చెకింగుకి వచ్చినవాడి కొలత సాధనం మూతి దగ్గర తప్ప ఎక్కడా పట్టదని తెలిసినవాడు, రెండు చివర్లా మందం ముక్కలు అతికించి తెచ్చాడు. పొరపాటున ఇలా ఎవరూ చెయ్యరు అభినవ్. కూర్చుని ఆలోచించి చెయ్యాలి."

అభినవ్ వంగలేదు. లోపల ఏముందో చూడాల్సిన అవసరం అతనికి లేదని ఆమెకి అర్థమైంది.

ఆమె జేమ్స్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "సీఐ గారూ, వింటున్నారా? అభినవ్, పొద్దున చెప్పావు, మూడో ట్రస్సు కింది పైపు అతుకుని కోయించానని. మూడో ట్రస్సు ఇదిగో. కింది పైపు ఇదిగో. అతుకులన్నీ ఉన్నాయి. కోత ఎక్కడ?"

"నేను... ట్రస్సు నంబరు తప్పు చెప్పి ఉంటాను."

"అన్ని ట్రస్సులూ చూశాను. ఎక్కడా కోతల్లేవు."

"పై పైపుది కావచ్చు."

"పొద్దున చేతికి అందే ఎత్తన్నావు. మధ్యాహ్నానికి ఎత్తు పెరిగిందా? అందే ప్రతి అతుక్కీ ఇక్కడివాళ్ళు సొర నూనె పూశారు. నీ ముక్కకి నూనె లేదు, తుప్పుంది. అది ఈ షెడ్డుది కాదు. దాని మీద గులాబీ రంగుంది. ఎక్కడిదది?"

అభినవ్ లారీ వైపు చూశాడు. డ్రైవరు నూకరాజు బీడీ పారేసి మొహం తిప్పుకున్నాడు.

జవాబు పైపు మీంచి వచ్చింది. "లంకపేట హాలండి" అంది దుర్గ మెల్లిగా. "ఈ షెడ్డుతో పాటే కట్టారు. లోపలా బయటా గులాబీ రంగే. అదీ వెంకటాద్రి గారే కట్టించారు."

ఆడవాళ్ళ తలలన్నీ అభినవ్ వైపు తిరిగాయి.

"చెప్పు అభినవ్" అంది ఇందిరాదేవి.

"అక్కడొక అతుకు బాగాలేదు. ముందే తెలుసు. బాగుచెయ్యాలనుకుంటూనే ఉన్నాం." అతని మాటలు తడబడ్డాయి. "చెడ్డ వెల్డు ముక్క ఒకటి కావాల్సి వచ్చింది. ఎలాగూ తీసెయ్యాల్సిందే కదా అని..."

"నిలబడి ఉన్న కప్పులోంచి కోశావు."

"ఒక్క అతుకే మేడమ్!"

"దాని స్థానంలో ఏం పెట్టావు?"

అతను లారీ వైపు ఒక అడుగు వేశాడు.

"ఏం పెట్టావు?"

"ఫాల్స్ సీలింగుంది. కింద నుంచి కనపడదు" అన్నాడు అభినవ్. "వానలు తగ్గాక పెట్టిద్దామని..."

"పైపులు? ఇవేనా?"

"ఒకే లోడండి" అన్నాడు నూకరాజు, ఎవరూ అడగకుండానే. "రెండు చోట్లకీ నేనే దింపాను."

పైపు మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా లేచారు. వాళ్ళ పిల్లలు, తల్లులు, అత్తలు పొద్దున్నుంచి ఆ కప్పు కిందే ఉన్నారు.

"సీఐ గారూ!"

"ఇంకో ఫోన్లో లంకపేటకి చేస్తున్నానండి" అన్నాడు జేమ్స్. మధ్యలో ఆగి, "ఎవరూ ఎత్తడం లేదు. టవరు పోయినట్టుంది. ఇక్కణ్ణుంచి జీపు పంపిస్తున్నాను, కానీ మాకు చాలా దూరం. మీరే ముందు చేరతారు. మేడమ్, ఆ పైపు ముక్క మాత్రం వదలకండి" అన్నాడు.

ఇందిరాదేవి నూకరాజు వైపు తిరిగింది. "ఈ లారీలో స్క్రాపు ఎక్కించవు. వీళ్ళని ఎక్కించుకుని లంకపేట పద."

"ఇది వెంకటాద్రి గారి లారీ మేడమ్" అన్నాడు అభినవ్.

"వచ్చి తీసుకోమను. నువ్వూ ఎక్కు. ఎక్కడ కోశావో చూపించాలి. ఆ కప్పు కిందికి ముందు నువ్వే వెళ్తావు."

గ్యాస్ కట్టర్ల వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత వాళ్ళే సిలిండర్లు దించి ఆడవాళ్ళకి చోటు చేశారు. ఇందిరాదేవి, దుర్గ కలిసి ఆ ఏటవాలు పైపుని వాళ్ళ చేత అతుకుకి మూరెడు పైన కోయించి, ఆ ముక్కని చివర అతుకుతో, దానికంటుకున్న పల్చటి గోడతో సహా, కారు డిక్కీలోకి చేర్చారు.

దుర్గ చెయ్యి చాపింది. "ఫోనిలా ఇవ్వండి. సీఐ గారూ, మా నాన్నకివ్వండి."

కుర్చీ జరిగిన చప్పుడు. అవతల వినేవాడున్నాడని తెలుస్తోంది, అంతే.

"నాన్నా, నీ అతుకు ఊడలేదు" అంది దుర్గ. గాలి వల్ల గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. "అమ్మ మీద పడిన పైపుకి అది ఇంకా పట్టుకునే ఉంది. నేను చేత్తో తడిమి చూశాను. అమ్మ పూసిన నూనె కూడా దాని మీద అలాగే ఉంది. వాళ్ళు నీకు చూపించింది వేరేది. వింటున్నావా?"

దుర్గ ఫోన్ని నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"సాయంత్రం నేనే చంపానని చెప్పావంటే నేనక్కడికొస్తాను. మా నాన్న అబద్ధం చెబుతున్నాడని జడ్జి గారి ముందే అంటాను. నీ మీద సాక్ష్యం నేనే చెబుతాను. నువ్వెంత మొండివాడివో నేనూ అంతే."

లారీ ఇంజను స్టార్టయింది. ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైకెక్కుతున్నారు. ఇందిరాదేవి కారు తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది.

"అమ్మా" అన్నాడు అంకమ్మరావు. రాత్రి నుంచి చెప్పిందే చెబుతున్న ఆ గొంతు ఇప్పుడు వేరుగా ఉంది. "మీ అమ్మమ్మ ఎక్కడుంది?"

దుర్గ కారెక్కింది. లంకపేట వైపు ఆకాశం సీసం రంగులోకి తిరిగింది. వెనక రేవులో, ఎవరూ ముట్టుకోని ఒక రేకు గాలికి లేచి, పసుపు చల్లిన చోటు మీదుగా ఎగిరి నీళ్ళల్లో పడింది.

"అక్కడికే వెళ్తున్నాం నాన్నా" అంది.